తొలి టాకీలలో రైలుకూత

ఇంచుమించు నూరేండ్ల క్రిందటి ఇంగ్లీషు దొంగల సినిమాల ప్రసక్తి ఉగాది సంచికలో ఎందుకని చదువరులు అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నే. జవాబు పోనుపోను తెలియగలదు.

మేము రైల్వే గుమాస్తాలము. వేలూరు, కాట్పాడి, గుడియాత్తం స్టేషన్ల నడుమ మా రోజులు గడుస్తూ ఉంటవి. రాత్రి డ్యూటీ లేని శనివారాలలో నలుగురైదుగురము ఒక క్వార్టర్సులో చేరి కంప్యూటరు తెరమీద పాత బ్రిటిషు టాకీలు చూడడం రెండేళ్లుగా అలవాటైనది. అపరాధ పరిశోధన కథలైతే మాకు ఇష్టం. అందులో రైలుబండి కూడ ఉన్నదంటే ఆ పూట భోజనం ఆలస్యమైనా ఎవరికీ పట్టదు.

అమెరికాలో 1927లో బొమ్మకు మాట వచ్చినది. బ్రిటిషు కంపెనీలు అందుకొనేసరికి 1929 అయినది. ఆ సంవత్సరం ఎల్‌స్ట్రీ స్టూడియోలో ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ ‘బ్లాక్‌మెయిల్’ అనే చిత్రాన్ని మూకీగా మొదలుపెట్టి మధ్యలో టాకీగా మార్చవలసి వచ్చినది. అక్కడొక చిక్కు. కథానాయిక ఆనీ ఓండ్రా చెక్ దేశపు నటి. లండనులో పొగాకు దుకాణం వాని కూతురి పాత్రకు ఆమె యాస పొసగలేదు. ఇప్పటివలె మరొకరి గొంతును తరువాత అతికించే విద్య అప్పటికింకా కుదురుకోలేదు. కనుక జోన్ బారీ అనే మరొక నటి కెమెరాకు అందని చోట మైక్రోఫోను ముందు నిలబడి మాటలు పలుకుతుండగా ఓండ్రా పెదవులు మాత్రం కదిపినది. తోలుబొమ్మలాట చూచి పెరిగిన తెలుగువారికి ఇదేమంత వింత కాదు. మన ఊళ్లలో తెరవెనుక గొంతులే గదా రాముణ్ణీ రావణుణ్ణీ మాట్లాడించినవి!

ఆ చిత్రంలోని ఒక సంగతి మాత్రం మమ్ములను నిజంగా ఆశ్చర్యపరచినది. తన మానం కాపాడుకొనుటకు రాత్రి ఒకణ్ణి కత్తితో పొడిచిన ఆ పిల్ల మరునాడు ఉదయం ఫలహారానికి కూర్చుంటుంది. పొరుగింటావిడ ఆ హత్యను గురించి వసపిట్టవలె వాగుతూ ఉంటుంది. క్రమంగా ఆమె మాటలన్నీ కలగాపులగమై, ‘కత్తి’ అన్న ఒక్క మాట మాత్రం మళ్లీమళ్లీ స్పష్టంగా వినబడుతుంది. అప్పటికి వారి స్టూడియోలోనికి మైక్రోఫోను వచ్చి ఎన్నాళ్లో కాలేదు. కెమెరా చప్పుడు మైక్రోఫోనులో పడకుండా కెమెరాను, దానిని నడిపే మనిషిని కూడ ఒక పెట్టెగదిలో పెట్టి మూసేవారు. అటువంటి రోజులలో, మాటను వినిపించడమే గాక వినబడకుండ చేయడం కూడ విద్యేనని ఒకరికి తట్టినది.

అన్నీ రత్నాలని మేము అనము. 1927లో అక్కడ ఒక చట్టం చేసి, సినిమాహాళ్లలో స్వదేశపు చిత్రాలు ఇంత వంతు ఉండవలెనని విధించి, ఆ వంతును క్రమంగా నూటికి 20కి పెంచినారు. దానితో లెక్క పూర్తిచేయుటకై చౌకగా, హడావుడిగా చుట్టి పారవేసిన చిత్రాలు కుప్పలుగా వచ్చినవి. పాత్రలు నాటకంలో పద్యం అందుకొనే వారివలె నిలబడి మాట్లాడుదురు. మొదటి పది నిమిషాలలో మాలో ఒకరిద్దరు కునుకు తీయడం కూడ కద్దు. కొత్తగా చూచేవారికి మా మనవి ఒకటే: దీపం తగ్గించి, ధ్వని పెంచి, పది నిమిషాలు ఓపిక పట్టండి. చెవి కుదుటపడిన తరువాత కథ తనంతట తానే లాగుకొనిపోవును.

1929లోనే ‘ది ఫ్లయింగ్ స్కాట్స్‌మన్’ వచ్చినది. కొంత మూకీ, కొంత టాకీ. నిజమైన ఇంజను, నిజమైన పట్టాలు. డ్రైవరు కూతురు మడమజోళ్లతో పరుగెత్తే బండి వెలుపలి అంచు పట్టుకొని ఇంజనువైపు నడిచిపోతుంది. పనిపోయిన ఫైర్‌మన్ ఒకడు పగబట్టి, పోతున్న బండినుంచి ఇంజనును విడదీస్తాడు. ఇక్కడ మా గదిలో గొప్ప గొడవ! ఇంజను మొదలు చివరి పెట్టెదాక ఒకే వాక్యూం గొట్టం ఉంటుంది. అది తెగినచో గాలి దూరి బ్రేకులు వాటంతట అవే పడవలెను. మన బండ్లకు ఇప్పుడున్నది ఎయిర్ బ్రేకు. సూత్రం తారుమారైనా ఫలితం అదే. సినిమాలో అదేమీ జరుగలేదు. ఆ రైలు కంపెనీ ప్రధాన ఇంజనీరు నైజెల్ గ్రెస్లీకి కూడ ఇందువల్లనే కోపం వచ్చినదని చెప్పుదురు. భద్రతా సాధనాల విషయంలో కథ కొరకు కొంత స్వేచ్ఛ తీసుకొన్నామని చిత్రారంభంలోనే ఒక ప్రకటన కనబడుతుంది.

1932 నాటి ‘నంబర్ సెవెన్‌టీన్’లో గూడ్సుబండి పరుగు చాలవరకు ఆటబొమ్మలతో తీసినది. పిల్లలకు నచ్చును. అదే సంవత్సరం వాల్టర్ ఫోర్డు తీసిన ‘రోమ్ ఎక్స్‌ప్రెస్’ మాత్రం పెద్దల బండి. పారిస్‌లో ఎక్కిన ప్రయాణికులలో ఒకనివద్ద దొంగిలించిన వాన్‌డైక్ పటం ఉన్నది. అదున్న తోలుసంచి అటువంటిదే మరొకరి సంచితో మారిపోతుంది. సామాను తారుమారైన తగవు తీర్చని రైల్వే గుమాస్తా ఉండడు గనుక ఆ చిత్రం మాకు ఇంటి గొడవవలె తోచినది. కాన్రాడ్ వైట్ అనే జర్మను నటుడు నడవాలో ఊరకే నిలబడితే చాలు, పెట్టె అంతా చల్లబడినట్లుంటుంది.

ఇక 1935 నాటి ‘ది థర్టీనైన్ స్టెప్స్’. ఇల్లు ఊడ్వవచ్చిన మనిషి శవాన్ని చూచి కేకవేయ నోరు తెరచును. ఆ నోటినుండి వెలువడేది కేక కాదు, సొరంగం దాటే బండి కూత. మా కూటమిలోని రిటైర్డు గార్డుగారు దానిని రెండుసార్లు త్రిప్పించి విని, “కూతలు కొన్ని వేలు విన్నానయ్యా, ఇట్లాంటిది వినలేదు” అన్నారు.

అదే ఫోర్డు 1931లో ‘ది ఘోస్ట్ ట్రెయిన్’ తీసినాడు. బ్రిస్టలు దగ్గర మాంగట్స్‌ఫీల్డు స్టేషనులో బండికొరకు పడిగాపులు పడిన ఆర్నాల్డ్ రిడ్లీ అనే నటునికి అక్కడ తట్టిన నాటకం అది. కాట్పాడిలో విల్లుపురం బండికొరకు కాచుకొన్నవారికి ఆ అవస్థ తెలియును. ఆ చిత్రం చూడబోతే పూర్తిగా లేదు. బొమ్మలో కొన్ని రీళ్లు మిగిలినవి. శబ్దం అంతకన్న తక్కువ మిగిలినది. 1935లో జాతీయ చలనచిత్ర గ్రంథాలయం పెట్టుకొన్న దేశంలోనే ఈ గతి.

మన సంగతి చెప్పవలెనంటే నోరు రాదు. పూనాలో ఫిల్ము భాండాగారం ఏర్పడినది 1964లో. అప్పటికే పాత రీళ్లు కొన్ని తగులబడినవి, కొన్నిటిని అందులోని వెండి కొరకు కరిగించినారు. 1931 మార్చి 14న బొంబాయిలో విడుదలైన ‘ఆలం ఆరా’ లేదు. 1932లో వచ్చిన తొలి పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ లేదు. దీనికి ముందు హెచ్.ఎం. రెడ్డిగారే తీసి, 1931 అక్టోబరు 31న మద్రాసు కినిమా సెంట్రల్‌లో విడుదలైన ‘కాళిదాసు’ కూడ లేదు.

ఈ మూడింటిలో మాకు ఎక్కువ బాధ కలిగించేది ‘కాళిదాసు’. ఏలనన, అందులో నాయిక టి.పి. రాజలక్ష్మి తమిళం మాట్లాడినది, నాయకుడు తెలుగు మాట్లాడినాడు. ఆమె త్యాగరాజ కీర్తనలు కూడ పాడినది. ఒకరొక భాష, మరొకరొక భాష ఏమిటని పైవారు నవ్వుదురేమో గాని, 1911లో ఉత్తర ఆర్కాటునుండి చిత్తూరు జిల్లా విడిపోయినప్పుడు ఇవతల నిలిచిపోయిన మన ఇండ్లలో జరిగేదేమిటి? అమ్మ తెలుగులో అన్నానికి పిలుచును, పిల్లవాడు తమిళంలో “వస్తున్నా” అనును. మన ఇంటి మాటతీరుతో నడచిన బొమ్మ అది. ఇంగ్లండులో 1935 నాటి రైలుకూతను మేము గుడియాత్తంలో కూర్చుండి వినగలుగుచున్నాము. ఇక్కడికి మూడుగంటల ప్రయాణమైనా లేని మద్రాసులో ఆడిన ఆ బొమ్మలోని ఒక్క తెలుగు మాట వినలేము.

రీలు మాత్రమే గాదు, ‘కాళిదాసు’ గ్రామఫోను ప్లేటు గాని, సినిమాహాలులో అమ్మే పాటల పుస్తకం గాని ఎక్కడా ఉన్నట్లు ఇంతవరకు తెలియరాలేదు. వేలూరు, గుడియాత్తం ప్రాంతాలలో తాతలనాటి ఇండ్లు విప్పి కట్టుచున్నవారు చాలమంది ఉన్నారు. అటకమీద ట్రంకుపెట్టెలో పాత పాటల పుస్తకాలు, ప్లేట్లు కనబడినచో, తమిళమైనా తెలుగైనా, పాతసామాను వానికి తూకం వేయకముందు సంఘం కార్యదర్శిగారికి ఒకమాట చెప్పగోరుచున్నాము. మేమే వచ్చి చూచుకొందుము. శనివారమైతే మరీ మంచిది.