శేషంలోంచి పుట్టిన జిల్లా

కొవ్వూరు గోదావరికి పడమటి గట్టున ఉంది. నిడదవోలూ పడమటి వైపే. 2022 ఏప్రిల్ 4 నుంచి ఆ రెండూ తూర్పు గోదావరి జిల్లాలో ఉన్నాయి. తూర్పు వైపున, సముద్రాన్ని ఆనుకుని ఉన్న కాకినాడ మాత్రం ఆ జిల్లాలో లేదు. ఈ తిరకాసుకు కారణం రెవెన్యూ రికార్డుల్లో వెతికితే దొరకదు, కాలవల మ్యాపులోనూ దొరకదు. మన లోక్‌సభ సీట్లు ఎలా పుట్టాయో, ఎలా మారుతూ వచ్చాయో చూస్తేనే దొరుకుతుంది. ఓట్ల లెక్క కోసం గీసిన గీతను పరిపాలనకు సరిహద్దుగా వాడుకోవడం పొరపాటని నా వాదన.

1859లో ఏర్పడిన గోదావరి జిల్లాకు నదికి రెండు పక్కలా ఊళ్లుండేవి. 1904లో ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం వంటి పడమటి తాలూకాలను కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో వాటితోనే పశ్చిమ గోదావరి ఏర్పడింది, పాత గోదావరి జిల్లా తూర్పు గోదావరి అయింది. అంటే మన్యం వైపు కొంత మినహాయిస్తే, వందేళ్లకు పైగా నదే జిల్లాకు హద్దు. పార్లమెంటు సీట్లు ఆ తర్వాత వచ్చినవే, వచ్చాక కూడా ఒక్కచోట కుదురుగా నిలవలేదు. 1952లో లోక్‌సభకు 489 స్థానాలుంటే నియోజకవర్గాలు 401 మాత్రమే. వాటిలో 86 ద్విసభ్య నియోజకవర్గాలు, ఒకటి త్రిసభ్య. రాజమండ్రి, ఏలూరు ద్విసభ్యాలే. రాజమండ్రి నుంచి కమ్యూనిస్టు కానేటి మోహనరావు, సోషలిస్టు నల్లా రెడ్డినాయుడు ఇద్దరూ ఢిల్లీ వెళ్లారు. ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు, రెండూ ఒకే అభ్యర్థికి వేయకూడదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు. చదువు రాని ఓటరు గుర్తు చూసి ఒక కాగితం ఈ పెట్టెలో, మరొకటి ఆ పెట్టెలో వేసి రావాలి. రిజర్వుడు స్థానానికి పోటీపడినవారిలో ఎక్కువ ఓట్లు వచ్చినవారిని ముందు తేల్చి, మిగిలిన అందరిలో పైనున్నవారికి రెండో స్థానం ఇచ్చేవారు.

ఈ పద్ధతికి ఎసరు పెట్టిన కేసు కూడా తెలుగు నేలదే. 1957లో పార్వతీపురం ద్విసభ్య స్థానంలో గిరిజన అభ్యర్థులిద్దరూ గెలిచారు, వి.వి. గిరి ఓడిపోయారు. రిజర్వుడు స్థానానికి నిలబడినవారు జనరల్ స్థానం ఎలా తీసుకుంటారని ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లినా, 1959లో తీర్పు ఆయనకు వ్యతిరేకంగానే వచ్చింది. 1961లో పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గాలను రద్దు చేసింది. మొసలికంటి తిరుమలరావు, బయ్యా సూర్యనారాయణమూర్తి కలిసి ప్రాతినిధ్యం వహించిన కాకినాడ స్థానం రెండుగా చీలింది. ఎస్సీ స్థానంగా అమలాపురం అలా పుట్టింది. 1998లో లోక్‌సభ తొలి దళిత స్పీకర్ అయిన జి.ఎం.సి. బాలయోగి ఈ సీటు నుంచి వెళ్లినవారే. సీటు గీత మారితే చరిత్రే మారుతుందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అసలు లెక్క 2008 పునర్విభజనలో ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 294 అసెంబ్లీ సీట్లు, 42 లోక్‌సభ సీట్లు, అంటే ఒక్కో ఎంపీకి ఏడు అసెంబ్లీ స్థానాలు. తూర్పు గోదావరికి 19 వచ్చాయి. రంపచోడవరం అరకుకు పోగా 18. కాకినాడకు ఏడు, అమలాపురానికి ఏడు ఇస్తే మిగిలినవి నాలుగే: రాజమండ్రి సిటీ, రూరల్, రాజానగరం, అనపర్తి. ఏడు నిండాలంటే నది దాటక తప్పదు. అలా కొవ్వూరు, నిడదవోలు, గోపాలపురం వచ్చి కలిశాయి. ఈ మూడూ పోగా పశ్చిమ గోదావరికి మిగిలినవి పన్నెండు. నరసాపురానికి ఏడు పోతే ఏలూరుకు అయిదే. ఆ లోటు పూడ్చడానికి కృష్ణా జిల్లా నుంచి నూజివీడు, కైకలూరు తెచ్చారు. భాగహారంలో శేషం సర్దుబాటు తప్ప ఇందులో మరో మర్మం లేదు. ఎన్నికలకు ఇది చాలు, తప్పూ లేదు. యానాం ఓటరు డెల్టాలోనే కూర్చుని వందల కిలోమీటర్ల అవతలి పుదుచ్చేరి ఎంపీని ఎన్నుకుంటున్నాడు కదా! నియోజకవర్గానికి నేల కలిసి ఉండడం కూడా అన్నిచోట్లా తప్పనిసరి కాదన్నమాట.

జిల్లా సంగతి అలా కాదు. 2019 ఎన్నికల హామీ ప్రకారం లోక్‌సభ స్థానమే ప్రాతిపదికగా పదమూడు జిల్లాలను ఇరవై ఆరు చేసినప్పుడు, ఈ శేషాలన్నీ కలెక్టరేట్ల హద్దులయ్యాయి. ధవళేశ్వరం దగ్గర నీళ్లు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలుగా విడిపోతాయి. కొత్త తూర్పు గోదావరిలో అనపర్తిది తూర్పు డెల్టా నీరు, నిడదవోలుది పశ్చిమ డెల్టా నీరు. గోదావరి పాయ గౌతమికి తూర్పునున్న రామచంద్రపురం, మండపేట అవతలి లంకలతో కలిసి కోనసీమ జిల్లాలో పడ్డాయి. గీసినవారికీ ఇబ్బంది తెలియకపోలేదు. గోపాలపురం నియోజకవర్గంలోని ద్వారకా తిరుమలను ఏలూరు జిల్లాలో ఉంచారు, అరకును ఏకంగా రెండు జిల్లాలు చేశారు. అవసరమైన చోట సూత్రాన్ని పక్కన పెట్టగలిగినప్పుడు, మిగతా చోట్ల దానికి కట్టుబడాల్సిన పనేముంది?

పాత జిల్లాలు మరీ పెద్దవి, రాజోలు రైతు పని మీద కాకినాడ వెళ్లి రావాలంటే రోజు గడిచిపోయేది అంటారు. నిజమే, చిన్న జిల్లా కావాల్సిందే. అయితే చిన్నగా చేయడానికి తాలూకాలున్నాయి, కాలవలున్నాయి, బస్సు దారులున్నాయి. ఎంపీ సీటే కొలబద్ద కానక్కర్లేదు. ఎంపీకి, కలెక్టరుకు ఒకే పరిధి ఉంటే పని సులువన్నది ఇంకాస్త బలమైన వాదన. కేంద్ర పథకాలపై జిల్లా స్థాయి ‘దిశ’ కమిటీకి అధ్యక్షుడు ఎంపీయే, ఎంపీ నిధుల పనులు నడిచేది కలెక్టరు చేతుల మీదుగానే. రెండు జిల్లాల ఎంపీకి రెండు చోట్లా తిరగక తప్పదు. కానీ ఆ శ్రమ ఒక్క మనిషిది. హద్దు తప్పుగా పడితే తిరిగేది లక్షల మంది.

అన్నిటికన్నా పెద్ద అభ్యంతరానికి ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. అదేమిటంటే, లోక్‌సభ సీటు స్వభావమే మారడం. 1976లో 42వ సవరణ సీట్ల సంఖ్యను స్తంభింపజేసింది. 84వ సవరణ ఆ గడువును 2026 తర్వాత జరిగే తొలి జనగణన దాకా పొడిగించింది. ఇకముందు సీట్లు పెరిగినా, గీతలు కదిలినా ఏడేసి లెక్క మారుతుంది, శేషాలూ మారతాయి. అప్పుడు జిల్లాను కూడా కదుపుతారా? కదిపితే పొలం కాగితాలు, కోర్టులు, ఆఫీసులు మళ్లీ ఊరు మారాలి. కదపకపోతే ఇప్పటి గీతకు చెప్పిన కారణమే చెల్లదు. పునర్విభజన సంఘం ముసాయిదా ప్రకటించాక బహిరంగ విచారణలు జరపాలి. అది జరిగే నాటికి, సీటు ఎటు కదిలినా జిల్లా కదలదని రాష్ట్ర ప్రభుత్వం చేత రాయించుకోండి. కొవ్వూరు వాళ్లు ముందుగా అడగాలి.