మందుకు లొంగని క్షయ: బెంగళూరు లెక్కలు

ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి తిష్ఠ వేసిన బాక్టీరియా అక్కడే మారిపోతుందని, సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యువ్యాధి ఉన్న రోగుల్లోని సూడోమోనాస్ బాక్టీరియా జన్యుక్రమాలను చదివి శాస్త్రవేత్తలు తేల్చారు. మన దేశంలో ఆ మాట క్షయ గురించే చెప్పుకోవాలి. క్షయ లెక్కలు బెంగళూరులో ఉన్నాయి. 1959లో ఏర్పడిన జాతీయ క్షయ సంస్థ 1961 నుంచి 1968 దాకా బెంగళూరు జిల్లాలోని 119 పల్లెల్లో పదే పదే సర్వే చేసింది. పల్లెలకు మందు సరిగా అందని రోజులవి. కళ్లెలో క్రిములు కనబడినవారిలో ఐదేళ్లకు దాదాపు సగం మంది చనిపోయారు. మూడో వంతుకు వైద్యం లేకుండానే నయమైంది. 18 శాతం మంది మాత్రం బతికే ఉండి, క్రిములు వెదజల్లుతూనే ఉన్నారు. క్రిమి ఏళ్ల తరబడి తిష్ఠ వేసేది వీరిలోనే కాబట్టి, మందుకు లొంగని మొండి క్షయ చరిత్రకు కీలకం ఈ 18 శాతమే.

మందే తిననివాళ్లలో మందుకు లొంగని క్రిమి ఎలా పుడుతుందని అడగవచ్చు. పుట్టడానికి మందు అక్కర్లేదు, రాజ్యమేలడానికే కావాలి. క్షయ క్రిమి జన్యుక్రమం 44 లక్షల అక్షరాలు. 1998లో పూర్తిగా చదివారు. ఇది ఇతర బాక్టీరియా దగ్గర జన్యువులు అరువు తెచ్చుకోదు. నకలు తీసేటప్పుడు దొర్లే తప్పులే దాని పెట్టుబడి. 1952లో వాడకంలోకి వచ్చిన ఐసోనియాజిడ్‌నే చూడండి. క్రిమిలోకి వెళ్లాక దాన్ని విషంగా మార్చేది క్రిమి సొంత ఎంజైమ్ కాట్‌జీ. అందులో 315వ స్థానంలో సెరీన్ బదులు థ్రియోనిన్ చేరితే మాత్ర మాత్రగానే మిగిలిపోతుంది. ఎంజైమ్ మాత్రం తన అసలు పని చాలావరకు చేసుకుపోతుంది. కోట్ల క్రిములున్న ఊపిరితిత్తిలో అలాంటివి ముందే కొన్ని ఉంటాయి. ఒక్క మందే ఇస్తే లొంగేవి చచ్చి, లొంగనివి పెరుగుతాయి. మందులు కలిపి ఇచ్చేది అందుకే.

రోగులు మందు మధ్యలో మానేయడమే అసలు కారణమన్నది మరో వాదన. అందులో కొంత నిజముంది. కానీ జాతీయ క్షయ సంస్థకే చెందిన బెనర్జీ, ఆండర్సన్ తుమకూరు జిల్లాలో చేసి 1963లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, రోగుల్లో సగానికి పైగా తమంతట తామే ప్రభుత్వ వైద్యం కోసం వెళ్లారు. చాలామందికి దక్కింది దగ్గు మందు సీసా. 1962లో జాతీయ క్షయ కార్యక్రమం వచ్చినా, 1992 సమీక్షలో బయటపడింది చాలీచాలని నిధులు, ఒక పద్ధతి లేని మందుల కోర్సులు, వైద్యం ముగించేవారు తక్కువ కావడం. తప్పులు చేయడం క్రిమి స్వభావం. వాటిని ఏరి పెంచింది అరకొర వైద్యం. మొండి క్షయ బయటపడ్డ ప్రతిచోటా రోగిని నిలదీసే ముందు ఆసుపత్రి మందుల రిజిస్టరు తెరవాలి.