అక్వేరియం చేపల ఒంటిమీద తెల్లచుక్కలా? మందు వేసే ముందు ఇవి తెలుసుకోండి

పిల్లలు ముచ్చటపడ్డారని కొన్న చేపలు. ఇంటికొచ్చి వారం కాలేదు, ఒంటిమీద, రెక్కలమీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు. రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటాయి, మేత ముట్టవు, నీటి పైకి వచ్చి ఆయాసపడతాయి. చేపల షాపుల్లో దీన్ని ‘వైట్ స్పాట్’ లేదా ‘ఇక్’ అంటారు. వదిలేస్తే కొద్ది రోజుల్లోనే తొట్టి ఖాళీ అయిపోవచ్చు.

కారణం ఇక్తియోఫ్తిరియస్ మల్టీఫిలిస్ అనే ఏకకణ పరాన్నజీవి. ఇది చాలాసార్లు కొత్త చేపతోనో, మొక్కతోనో, షాపు నీళ్లతోనో వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న చేప కొంతవరకు తట్టుకుంటుంది. ఒత్తిడిలో ఉన్న చేప తట్టుకోలేదు. ఒత్తిడి అంటే ఏమిటంటారా? చిన్న గాజు గిన్నెలో నాలుగు గోల్డ్‌ఫిష్‌లు, క్లోరిన్ పోని కుళాయి నీళ్లు, మిగిలిన మేత కుళ్లి పుట్టే అమ్మోనియా, చలికాలం రాత్రి ఒక్కసారిగా చల్లబడే నీళ్లు. అప్పుడు చేప ఒంట్లో కార్టిసాల్ పెరిగి, రోగాన్ని ఎదుర్కొనే శక్తి తగ్గుతుంది.

చాలామంది పొరపాటు పడేది వైద్యం దగ్గరే. చుక్క లోపల పురుగు చర్మం కింద దాక్కుని ఉంటుంది, అక్కడికి మందు చేరదు. అది పెరిగి, కిందికి రాలి, అడుగున గూడు కట్టుకుని వందల పిల్లలుగా విడిపోతుంది. అవి ఈదుతూ ఒకట్రెండు రోజుల్లో మరో చేపను పట్టుకోవాలి, లేకపోతే చస్తాయి. మందు పనిచేసేది ఆ ఈదే దశలోనే. అందుకే చుక్కలు పోయాయి కదా అని రెండో రోజే మందు ఆపేస్తే జబ్బు మళ్లీ వస్తుంది. 25 డిగ్రీల దగ్గర ఈ చక్రం దాదాపు వారం, చల్లటి నీళ్లలో వారాలు పడుతుంది.

హీటర్ ఉంటే ఉష్ణోగ్రతను మెల్లగా 28-30 డిగ్రీలకు పెంచితే చక్రం తొందరగా తిరుగుతుంది. వేడినీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి ఎయిర్ పంపు ఆపొద్దు. లీటరుకు 1 నుంచి 2 గ్రాముల రాళ్ల ఉప్పు, అంటే 50 లీటర్ల తొట్టికి 50 నుంచి 100 గ్రాములు, మగ్గులో కరిగించి ఒకరోజులో కొంచెం కొంచెంగా పోయాలి. నీళ్లు మార్చినప్పుడు తీసిన నీటికి సరిపడా ఉప్పు మాత్రమే మళ్లీ కలపాలి. నీళ్లు ఆవిరైనా ఉప్పు ఎక్కడికీ పోదు మరి. క్యాట్‌ఫిష్, లోచ్ లాంటి చేపలకు, మొక్కలకు ఉప్పు తక్కువే మంచిది.

షాపులో ఇచ్చే నీలం, ఆకుపచ్చ చుక్కల మందుల్లో చాలావాటిలో మలకైట్ గ్రీన్ ఉంటుంది. అది విషపదార్థం, పిల్లల చేతికి అందకూడదు. తినే చేపలకు అస్సలు వాడకూడదు. మందు వేసేటప్పుడు ఫిల్టర్‌లోని బొగ్గు తీసేయాలి, లేకపోతే అది మందును పీల్చేస్తుంది.

ఒక్క మాట. మగ గోల్డ్‌ఫిష్‌కు జత కట్టే కాలంలో మొప్పల మూతలమీద, ముందు రెక్కల అంచున వరుసగా తెల్లటి బొడిపెలు వస్తాయి. చేప హుషారుగా తింటూ తిరుగుతుంటే అది జబ్బు కాదు, మందు అక్కర్లేదు.

కొత్త చేపను నేరుగా తొట్టిలో వదలకుండా రెండు మూడు వారాలు వేరే బకెట్‌లో, ఎయిర్ పంపు పెట్టి ఉంచండి. దానికి వాడిన జాలీ పెద్ద తొట్టిలో ముంచొద్దు.