పేరయ్య ధ్యానం ఎవరి దగ్గర నేర్చుకున్నాడు? (మన క్రీస్తు చరిత్ర – 7వ భాగం)

చర్చికి వెళ్లడం మానేసిన మన పిల్లలు ఇప్పుడు ఎక్‌హార్ట్‌ను చదువుతున్నారు. కళింగపట్నం, గార వైపు కాలేజీ కుర్రాళ్ల ఫోన్లలో కూడా తోమా సువార్త పీడీఎఫ్ కనబడుతోంది. ఆదివారం మైకు, దశమభాగం కవరు, స్వస్థత సభల ఫ్లెక్సీలు చూసి విసిగిపోయినవాళ్లు వీళ్లు. "క్రీస్తు లోపలే ఉంటాడట కదా సార్" అని అడుగుతున్నారు. ఈ వెతుకులాట నాకు నచ్చింది. కాకపోతే ఆ లోపలికి వెళ్లే దారి ప్రతిసారీ జర్మనీ మీదుగానే ఎందుకు పోవాలి?

ఆ యూరప్ మార్మికులను తక్కువ చేయడం లేదు. మార్గరెట్ పొరేట్ అనే స్త్రీని 1310లో పారిస్‌లో సజీవంగా తగలబెట్టారు. ఎక్‌హార్ట్ చనిపోయాక కూడా 1329లో పోపు ఆయన మాటలను ఖండించాడు. సిలువ యోహానును సొంత మఠంవాళ్లే టొలెడోలో తొమ్మిది నెలలు బంధించారు. ఆత్మకూ దేవుడికీ మధ్య ఎవరూ అక్కర్లేదంటే మధ్యలో కూర్చున్నవాడికి పని పోతుంది. ఈ సంగతి మనకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు, గుడి గుమ్మం బయట నిలబెట్టినప్పుడే తెలుసు.

మన దేశంలో ఈ అన్వేషణ ఎటు పోయిందో చూడండి. 1950లో కావేరి ఒడ్డున ఇద్దరు ఫ్రెంచి ఫాదర్లు శాంతివనం ఆశ్రమం పెట్టారు. కాషాయం, ఉపనిషత్తులు, అద్వైతం. వాళ్ల నిజాయితీని నేను శంకించను. అయితే భారతీయత అంటే సంస్కృతమేనని వాళ్లకు ఎవరు చెప్పారు? 1981లో అరవింద్ నిర్మల్ బెంగళూరులో నిలదీసింది దీన్నే. భారత క్రైస్తవ వేదాంతం బ్రాహ్మణ సంప్రదాయంతో మాట్లాడింది తప్ప, సంఘంలో అత్యధికులైన దళితులతో మాట్లాడలేదన్నాడు. దళిత వేదాంతం అలా మొదలైంది. అయితే ఆ ధాటిలో మనవాళ్లు ధ్యానాన్ని కూడా బ్రాహ్మణుల సొత్తుగా వదిలేశారని నాకనిపిస్తుంది.

అది వాళ్ల సొత్తు కాదు. సాక్ష్యం యర్రగుంట్ల పేరయ్య.

ఒంగోలు ప్రాంతపు మాదిగ, తోళ్ల వ్యాపారి. మిషనరీని చూడకముందే గురువు దగ్గర రాజయోగ ఉపదేశం పొందినవాడు. దేవుడు ఒక్కడే, రూపం లేనివాడు, లోపల వెతకాలి అన్న బోధ అప్పటికే మాదిగ పల్లెల్లో తిరుగుతోంది. వీరబ్రహ్మం శిష్యుడు కక్కయ్య మాదిగ అని జనం చెప్పుకునే కథ ఊరికే పుట్టలేదు. పేరయ్య వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు క్రీస్తు మాట విన్నాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత ఊరూరా నడిచి, చుట్టరికాల గుండా తనవాళ్లకు చెప్పాడు.

ఈ కథ మనకు దక్కడానికి కారణం ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ భార్య ఆమె. మాదిగ పెద్దలు చెప్పిన కథలు విని 1899లో ఇంగ్లీషులో పుస్తకం వేసింది. తొలి బోధకుల్లో పలువురు అంతకుముందే ఏదో ఒక గురువు దగ్గర చేరినవాళ్లని అందులో తెలుస్తుంది. ఆమె దృష్టిలో ఆ యోగం క్రైస్తవానికి వాకిలి లాంటిది, లోపలికొచ్చాక దానితో పనిలేదు. నేను ఒప్పుకోను. ఏళ్ల తరబడి లోపల వెతికిన మనిషి బాప్తిస్మం రోజున ఆ చూపును ఏటి ఒడ్డున వదిలేసి వస్తాడా? పేరయ్య క్రీస్తును విన్నదే ఆ చెవితో.

ఇది ఒంగోలు కథ, మనకేం అనుకోకండి. ఆ మిషన్ తొలి మనిషి శామ్యూల్ డే 1836లో దిగింది విశాఖలో. శ్రీకాకుళంలో కొన్నాళ్లుండి మద్రాసుకీ, అక్కణ్ణుంచి 1840లో నెల్లూరుకీ పోయాడు. ఒంగోలు పని నెల్లూరు నుంచి పుట్టిందే. ఇక మన వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద తార, మారీచి విగ్రహాలు దొరికాయి. అంటే రహస్య సాధనలు ఈ నేలకు క్రీస్తుకంటే ముందే తెలుసు. ఆ బౌద్ధానికీ పేరయ్య యోగానికీ నేరుగా ముడి వేయను. అంత తొందర పనికిరాదు.

పేరయ్యను గుర్తుంచుకోవడం ఎందుకంటే, మనల్ని "బియ్యం క్రైస్తవులు" అన్న తిట్టుకు ఆయన జీవితమే జవాబు. 1876–78 కరువు తర్వాత, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. తిట్టేవాళ్లకు ఈ అంకె కంఠతా వచ్చు. కరువు సాయం నడిచినన్నాళ్లూ, ఏడాదికి పైగా, క్లౌ బాప్తిస్మాలే ఆపేశాడన్నది మాత్రం చెప్పరు. కరువుకు పదేళ్ల ముందే పేరయ్య వచ్చాడన్నదీ చెప్పరు. ఆకలిగొన్నవాడికి ఆత్మ ఉండదన్న నమ్మకం ఆ తిట్టులో ఉంది.

ఇదే ప్రశ్నను అమెరికా నల్లజాతి మార్మికుడు హోవర్డ్ థర్మన్ ఎదుర్కొన్నాడు. 1935–36లో ఇక్కడికి వచ్చి గాంధీని కలిశాడు. ఆయన అమ్మమ్మ బానిసగా పుట్టింది. యజమాని తెచ్చిన బోధకుడు "దాసులారా, విధేయులై ఉండండి" అన్న పౌలు మాటే ఎత్తుకునేవాడని, పౌలు పత్రికలు తనకు చదివి వినిపించనిచ్చేది కాదు. 1949లో వచ్చిన థర్మన్ పుస్తకంలో యేసు రోము ఏలుబడిలో నలిగిన పేద యూదుడు. లోపలి దేవుడు ఆయనకు లోకం నుంచి పారిపోయే చోటు కాదు, యజమాని చెయ్యి చేరని చోటు.

మన దగ్గర ఆ లోపలికి ఇంకో అర్థం ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువు కానివాడికి ఎస్సీ హోదా లేదంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవ దళితులు మన రాష్ట్రంలో ఇప్పటికీ బీసీ-సీ. అందుకే సర్టిఫికెట్‌లో ఒక పేరు, ప్రార్థనలో ఒక పేరు. ఎక్‌హార్ట్ చెప్పిన అంతరంగం ఆయన ఎంచుకున్నది. మన ఇళ్లలో క్రీస్తును లోపల దాచింది ఎమ్మార్వో ఆఫీసు భయం. ఈ రెండింటినీ మార్మికత అనే ఒకే మాటతో పిలవొద్దు.

వచ్చే భాగంలో జాషువ 'క్రీస్తు చరిత్ర' గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.