కొలువు వదిలిన ముద్ర

చైనా ముద్రల చెక్కుడు కళ 2009లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. ఆ కళ మాట వస్తే అందరి చూపూ జేడ్, బంగారు ముద్రల మీదికే పోతుంది. వెదురు ముద్రను ఇంటి అలంకారంగా లెక్కగట్టి పక్కన పెడతారు. ఇది అన్యాయం. ముద్రకు సొంత గొంతు వచ్చింది చవక సరుకులోనే. క్రీ.శ. 57లో హాన్ చక్రవర్తి జపాన్ ప్రాంతపు రాజుకు ఇచ్చినదని చరిత్రకారులు చెప్పే బంగారు ముద్ర 1784లో షికనోషిమా దీవిలో దొరికింది. దాని మీద ఉన్నవి ఐదు అక్షరాలు; అవి చెప్పేది హోదా ఒక్కటే. కొలువు ముద్రల తీరు ఆ తర్వాతా అదే. 16వ శతాబ్దంలో వెన్ పెంగ్ లాంటి పండితులు మెత్తని రాయి చేతబట్టాక, రాసినవాడే చెక్కుకోవడం ఊపందుకుంది. ఆ మింగ్ కాలంలోనే జియాడింగ్‌లో జూ కుటుంబం మూడు తరాల పాటు వెదురు చెక్కడానికి పేరు తెచ్చింది.

ముద్రకు పనికొచ్చేది బోలు బొంగు కాదు, గట్టి వేరుమొదలు. దగ్గరదగ్గరగా గణుపులు, పిల్లవేళ్లు తెగిన చోట చుక్కల వరుసలు: అదే దాని అందం. అడుగున పీచు నిలువుగా ఉంటుంది కనుక సన్నగీత చెక్కబోతే అంచు పెళుసుగా రాలుతుంది. అంత కష్టపడి చెక్కించుకున్న మాటల్లో పదవులే కాదు, చదువుగది పేర్లు, మనసులోని ఊసులు కూడా ఉండేవి.

ఆ స్వేచ్ఛ ఎంతదూరం పోయిందో వెదుర్ల చిత్రాలకు పేరుపడ్డ జెంగ్ బాన్‌చియావ్ (1693–1765) ముద్రల్లో చూడాలి. కొలువు ఉద్యోగాల పరీక్షల్లో మొదటిది కాంగ్షీ కాలంలో, రెండోది 1732లో యోంగ్‌జెంగ్ కాలంలో, చివరిది 1736లో చియాన్‌లోంగ్ కాలంలో గట్టెక్కాడు. ముగ్గురు చక్రవర్తుల పేర్లతో ఆ చదువు కథనంతా ఒకే ముద్రలోకి ఎక్కించాడు. ఇంకో ముద్రలో ‘ఏడో తరగతి అధికారిని, అంతే’ అన్నాడు. హోదా చాటడానికి పుట్టిన వస్తువు హోదాను ఇలా తేల్చిపారేయడం ఎంత పెద్ద మలుపు! ఆయన మిత్రుడు గావ్ ఫెంగ్‌హాన్ 1737లో కుడిచెయ్యి పడిపోయినా ఎడంచేత్తో చెక్కుతూనే ఉన్నాడు. జెంగ్ ముద్రలను వెదురు ఖాతాలో ఎలా వేస్తారని అడగొచ్చు. వేయక్కర్లేదు. మెత్తని రాయికీ వెదురుకీ కొలిమి అక్కర్లేదు, ఆస్థానం అక్కర్లేదు. స్నేహితుడి చెయ్యి చాలు. వెదురు పగులుతుంది, పురుగు తొలుస్తుంది, నిలిచినవి తక్కువ అంటారు. నిజమే. కానీ ఇంగిలీకం, ఆముదం కలిపిన ఎర్రముద్ద కాగితం మీద వేసిన అచ్చు ముద్ర పోయాకా ఉంటుంది.

1904లో హాంగ్‌జౌలో షీలింగ్ ముద్రల సంఘం పుట్టింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్ చిహ్నం ముద్ర రూపంలోనే వచ్చింది. ఇప్పుడు యంత్రాలూ చెక్కుతున్నాయి. కొత్త వెదురుకు రంగు పట్టించి పాతదని అమ్మేవాళ్లూ ఉన్నారు. పక్కన చెక్కిన పేరూ తేదీ ఒక్కటే వయసుకు రుజువు కాదు. వెదురు ముద్ర కొనేవారు బేరానికి ముందు అడుగున ఉన్న మాటను చదివించుకోండి.