దారుల్ తర్జుమా: విజ్ఞానశాస్త్ర బోధనలో భాషా సమస్య

మాధ్యమిక పాఠశాల విద్యార్థిలో శాస్త్రీయంగా ఆలోచించే శక్తి పెరగటానికి ప్రయోగశాల, గణితంలో పునాది, సమర్థుడైన ఉపాధ్యాయుడు – అన్నీ కావలసినవే. కాని అతనిని ప్రశ్న ఏ భాషలో అడుగుతున్నారన్నది వీటన్నిటికంటె ముందు తేలవలసిన విషయం. హైదరాబాదు రాజ్యంలో ఈ సంగతిని గుర్తించినవారు లేకపోలేదు.

అప్పట్లో నిజాం కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఆంగ్లంలో బోధించేది. పరాయిభాషలో చదివే విద్యార్థి శక్తి అంతా కంఠస్థం చేయటానికే ఖర్చయి, ఆలోచనకు మిగిలేది స్వల్పమని అక్బర్ హైదరీ ప్రభృతుల వాదం. 1917లో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఉర్దూ మాధ్యమంలో విశ్వవిద్యాలయ స్థాపనకు ఫర్మానా జారీచేశారు. ఆంగ్లం తప్పనిసరి పాఠ్యాంశంగా కొనసాగింది. ఆ ఏడాదే మౌల్వీ అబ్దుల్ హఖ్ నిర్వహణలో దారుల్ తర్జుమా ఏర్పడింది. 1919లో తరగతులు మొదలయ్యాయి. భౌతిక, రసాయన, వైద్యశాస్త్రాలతో సహా వందలాది గ్రంథాలు ఉర్దూలోకి వచ్చాయి.

అసలు చిక్కు పారిభాషిక పదాల దగ్గర వచ్చింది. అరబీ పదాలనే తీసుకోవాలని కొందరు పట్టుబట్టారు. పానిపట్టుకు చెందిన వహీదుద్దీన్ సలీం అందుకు సమ్మతించలేదు. ఉర్దూ ఆర్యభాషా కుటుంబానికి చెందినది గనుక ఉపసర్గలు, ప్రత్యయాలు చేర్చి, ఫార్సీ, హిందీ మాటలతోనే కొత్త పదాలు కూర్చుకోవచ్చునని ఆయన ‘వజ్ఎ ఇస్తిలాహాత్’ అనే గ్రంథంలో వాదించారు. థర్మామీటరుకు అరబీ రీతిలో ‘మిఖ్యాసుల్ హరారత్’ అనవచ్చు; ‘తపిష్ పైమా’ అనీ అనవచ్చు. తపిష్ అంటే వేడి, పైమా అంటే కొలిచేది. ఈ రెండవ మాట నేర్చిన బాలుడు ‘బాద్ పైమా’ వినగానే గాలిని కొలిచే సాధనమని తానే ఊహిస్తాడు. తర్కం అక్కడే మొదలవుతుంది. అనువాదంతో పరిచయమున్నవారికి సలీం వాదమే సరియైనదని తోస్తుంది.

అయితే ఆ బాలుడు ఉర్దూ ఇంట పుట్టినవాడు. రాజ్యంలో దాదాపు సగం మంది తెలుగువారు. మాధ్యమిక పాఠశాలల్లో మాత్రం ఉర్దూయే బోధనాభాష. ఆంగ్లానికి వ్యతిరేకంగా చూపిన కారణమే తెలుగు బాలుని విషయంలో ఉర్దూకూ వర్తిస్తుందని ప్రభుత్వం తలచలేదు. ఇది చిన్న లోపం కాదు. 1930లో జోగిపేటలో సమావేశమైన ఆంధ్ర మహాసభ మాతృభాషలో విద్య కావాలని కోరింది.

1948 తరువాత ఉస్మానియాలో ఉర్దూ స్థానంలోకి ఆంగ్లం వచ్చింది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడినపుడు అనువాదకులకు మళ్లీ సలీం నాటి సమస్యే ఎదురయింది. పల్లెలోని పిల్లవానికి తెలిసిన మాట ‘వేడి’. పాఠ్యపుస్తకాల్లో నిలిచినది ‘ఉష్ణం’.