కళ్లకలక వారాలైనా తగ్గట్లేదా? క్లమిడియాను రక్త పరీక్ష ఒక్కదానితో తేల్చలేం.. ఎందుకంటే?

కళ్లు ఎర్రబడటం, పుసులు కట్టడం, రెప్పల లోపల గరగర.. ఇవి కనిపిస్తే చాలామంది మామూలు కళ్లకలక అనుకుని చుక్కల మందు వేసుకుంటారు. వారాలు గడిచినా తగ్గకపోతే మాత్రం క్లమిడియా ట్రకోమాటిస్ అనే బ్యాక్టీరియాను అనుమానించాల్సిందే.

ఈ బ్యాక్టీరియాలో ఏ, బీ, సీ రకాలు ట్రకోమా తెస్తాయి. డీ నుంచి కే వరకు ఉన్న రకాలు లైంగికంగా సోకి, చేతుల ద్వారా కంటికి చేరతాయి. తల్లికి ఇన్ఫెక్షన్ ఉంటే కాన్పు సమయంలో బిడ్డ కళ్లకూ అంటుకుంటుంది. సాధారణంగా పుట్టిన 5 నుంచి 12 రోజుల్లో బిడ్డకు లక్షణాలు కనిపిస్తాయి.

రక్త పరీక్షతో చిక్కేంటి?

రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయంటే శరీరం ఎప్పుడో ఒకప్పుడు ఈ క్రిమిని ఎదుర్కొందని అర్థం. ఐజీజీ యాంటీబాడీలు ఇన్ఫెక్షన్ తగ్గాక కూడా ఏళ్ల తరబడి ఉండొచ్చు. శ్వాసకోశాలకు సోకే క్లమిడియా న్యుమోనియే వల్ల కూడా కొన్ని పరీక్షల్లో పాజిటివ్ రావొచ్చు. ఇన్ఫెక్షన్ కంటికే పరిమితమైతే రక్తంలో యాంటీబాడీలు పెద్దగా పెరగకపోవచ్చు. అంటే పాజిటివ్ వచ్చినా, నెగెటివ్ వచ్చినా కంటి సంగతి తేలనట్టే. పసిబిడ్డల్లో తల్లి నుంచి వచ్చిన ఐజీజీ కూడా ఉంటుంది కాబట్టి ఇంకా గందరగోళం.

మరి ఏ పరీక్ష చేయాలి?

కింది రెప్పను తిప్పి, లోపలి పొర నుంచి స్వాబ్ తీసి పీసీఆర్ లాంటి పరీక్ష చేస్తారు. ఈ బ్యాక్టీరియా కణాల లోపల బతుకుతుంది. అందుకే పైపైన పుసి తీస్తే సరిపోదు, పొర కణాలు కూడా రావాలి.

రక్త పరీక్ష ఎక్కడ పనికొస్తుంది?

ఊళ్లలో ట్రకోమా ఇంకా వ్యాపిస్తోందా అని చూడటానికి చిన్నపిల్లల రక్తపు చుక్కల్లో పీజీపీ3 యాంటీబాడీలను వెతుకుతారు. పసిపిల్లల్లో ఆ యాంటీబాడీలు ఎక్కువగా కనిపిస్తే వ్యాప్తి ఇటీవలిదేనని అర్థం. అది ఊరి పరిస్థితి చెబుతుంది కానీ ఒక్క మనిషి కంటి జబ్బును కాదు. ప్రజారోగ్య సమస్యగా ట్రకోమాను భారత్ నిర్మూలించిందని 2024 అక్టోబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

పెద్దవాళ్లకు, పసిబిడ్డలకు వచ్చే ఈ కంటి ఇన్ఫెక్షన్‌కు చుక్కల మందు ఒక్కటే చాలదు. డాక్టర్ రాసిచ్చే యాంటీబయాటిక్ నోటి ద్వారా తీసుకోవాలి. పెద్దవాళ్లకు సోకితే జీవిత భాగస్వామికి, బిడ్డకు సోకితే తల్లికి, ఆమె భాగస్వామికి కూడా చికిత్స తప్పనిసరి. లేదంటే ఇన్ఫెక్షన్ మళ్లీ తిరిగొస్తుంది. పసికందు కళ్లు వాచి పుసులు కడితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.